పందెపు దూత సేవల నిషేధం

గుర్రపు పందేల మైదానానికి వెళ్ళలేనివారి వద్ద సొమ్ము పుచ్చుకొని, వారి తరఫున అక్కడ పందెం కాసి, అందుకు రుసుము తీసుకొనే వ్యాపారాన్ని అమెరికాలో మెసెంజర్ సర్వీసు అంటారు. గుర్రపు పందేలు చట్టబద్ధమైన రాష్ట్రాలలో సైతం ఈ మధ్యవర్తిత్వం పలుచోట్ల నేరమే. మైదానంలో కాస్తే వినోదమైన పందెం వీధి దుకాణం ద్వారా కాస్తే నేరం కావడం వింతగా తోచవచ్చు.

చరిత్ర

న్యూయార్క్ రాష్ట్రంలో 1887 నాటి ఐవ్స్ చట్టం మైదానాల ఆవరణలో మాత్రమే పందేలకు వెసులుబాటు ఇచ్చింది. నగరంలోని పూల్ రూముల యజమానులు తాము పందేలు కట్టించుకోవడం లేదనీ, ఖాతాదారుల సొమ్మును మైదానానికి చేరవేస్తున్నామనీ వాదించసాగారు. 1893లో సాక్స్టన్ చట్టం ఈ దారిని మూసివేసింది. కాలిఫోర్నియా శిక్షాస్మృతిలోని 337ఎ సెక్షను మరింత కఠినమైనది. ఇతరుల పందెపు సొమ్మును ప్రతిఫలానికే కాక ఉచితంగా స్వీకరించినా, చేరవేసినా దాని ప్రకారం నేరమే. 1933లో ఆ రాష్ట్రం గుర్రపు పందేలను అనుమతించిన తరువాతా ఆ సెక్షను నిలిచింది.

1970లలో షికాగోలో ఇటువంటి దుకాణాలు వెలిశాయి. వీటిని ఇల్లినాయ్ రాష్ట్రం నిషేధించగా, ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఫినిష్ లైన్ ఎక్స్‌ప్రెస్ కేసులో (1978) నిషేధాన్ని సమర్థించింది.

నిషేధానికి కారణం

పారి-మ్యుచువల్ పద్ధతిలో పందేలన్నీ ఒకే నిధిలో చేరుతాయి. అందులోనుండి ప్రభుత్వానికి, మైదానానికి, గుర్రాల యజమానుల బహుమతులకు వాటా తీసి, మిగిలినది గెలిచినవారికి పంచుతారు. దూత ఆ సొమ్మును మైదానానికి చేర్చాడో లేదో ఖాతాదారునికి తెలిసే మార్గం లేదు. ప్రకటించిన ధర ప్రకారం దూత తన జేబులోనుండి చెల్లిస్తే చాలు, ఎవరికీ అనుమానం రాదు. అప్పుడతడు దూత కాదు, బుకీ. నిధికి రావలసిన వాటా పోతుంది. ఎవరూ ఊహించని గుర్రం గెలిచిన రోజున దుకాణం మూతబడితే నష్టపోయేది రోజుకూలీ వంటి చిన్న ఖాతాదారుడే. చట్టవిరుద్ధమైన ఒప్పందంపై అతడు కోర్టుకు వెళ్ళడమూ కష్టమే.

భారతదేశంలో

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన 1974 నాటి గేమింగ్ చట్టం గుర్రపు పందేలకు షరతులతో మినహాయింపు ఇచ్చింది: పందెం జరిగే రోజున, లైసెన్సు పొందిన మైదానంలో కేటాయించిన ఆవరణలోనే కాయాలి. హైదరాబాదు మలక్‌పేటలోని మైదానం వెలుపల సొమ్ము వసూలు చేసేవారికి ఈ మినహాయింపు వర్తించదు. గుర్రపు పందేలు నైపుణ్య క్రీడయేనని సుప్రీంకోర్టు 1996లో కె.ఆర్. లక్ష్మణన్ కేసులో తీర్పు చెప్పింది. అయితే ఆ తీర్పును మైదానం బయటి వసూళ్ళకు అనుమతిగా భావించరాదు.