వెన్న: తెల్లని నెయ్యి

కన్నడ సీమకు ఆనుకొని ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో ‘వెన్న’తో పాటు కన్నడ ‘బెణ్ణె’ కూడా పరిచితమే. తమిళ ‘వెణ్ణెయ్’ను కూడా పక్కన పెట్టి చూస్తే, ‘వెళ్’ అంటే తెలుపు, ‘నెయ్’ అంటే కొవ్వు గనుక, మూడింటి తొలి అర్థమూ ‘తెల్లని నెయ్యి’ అని తేలుతుంది. ఈ పేరు నిజానికి ఎనుము, అంటే గేదె, వెన్నకే బాగా ఒప్పుతుంది. మేతలోని పసుపువన్నె కెరోటిన్‌ను ఆవు కొంత పాలలోకి వదిలితే, ఎనుము దాదాపు అంతటినీ విటమిన్ ఎ గా మార్చేసుకుంటుంది.

ఇక వెన్నలోని ఆ కొవ్వు ఎలా పుడుతుందంటే, జొన్న చొప్పలోని పీచును ఎనుము పొట్టలోని సూక్ష్మజీవులు పులియబెట్టగా పుట్టే ఎసిటిక్ ఆమ్లం నుంచి పొదుగు కణాలు కొన్ని కొవ్వు ఆమ్లాలను తామే తయారుచేసి, పత్తి గింజల చెక్క వంటి దాణా నుంచి రక్తంలోకి చేరిన మరికొన్నింటిని వాటితో కలిపి, ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వుగా కూర్చుతాయి. ఆ కొవ్వు సన్నని బిందువులై కణం అంచుకు చేరి, బయటపడేటప్పుడు కణపు పైపొరనే చుట్టుకొని పాలలో కలుస్తుంది. ఆవు పాలలో సుమారు 4 శాతం, ఎనుము పాలలో సుమారు 7 శాతం ఉండే ఈ బిందువులను ఆ పొరే ఒకదానితో ఒకటి కలవనీయదు. కవ్వం తిప్పినప్పుడు అది చినిగి, లోపలి కొవ్వు ముద్దకడుతుంది.