దంత ఇంప్లాంట్ల చరిత్ర: రోగి తెలుసుకోవలసిన అంశాలు

1. పరిచయం

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు దంత ఇంప్లాంట్ అంటే ఏమిటో నిర్వచించగలుగుతారు, దాని పరిణామ క్రమాన్ని వివరించగలుగుతారు, చికిత్సకు ముందు వైద్యుని అడగవలసిన ప్రశ్నలను గుర్తించగలుగుతారు.

హైదరాబాద్ ఉత్తర శివారులోని జీడిమెట్ల మందులు, రసాయనాలు, ప్లాస్టిక్, ఇంజినీరింగ్ పరిశ్రమలకు పేరుపొందింది. ఇక్కడ షిఫ్టుల్లో పనిచేసేవారిలో పొగాకు, గుట్కా అలవాటున్నవారు, మధుమేహంతో బాధపడేవారు కనిపిస్తారు. చిగుళ్ళ వ్యాధికీ, పళ్ళు ఊడడానికీ ఈ రెండూ ముఖ్య కారణాలు. సమీపంలోని సూరారంలో దంత వైద్య కళాశాలలున్నాయి. రోడ్ల వెంట పంటి ఆసుపత్రుల బోర్డులకూ కొదవ లేదు. 'ఒక్క రోజులో పళ్ళు', 'జీవితాంతం గ్యారంటీ' వంటి ప్రకటనలు చూసి నెలల జీతాన్ని ఖర్చు చేసే ముందు, ఈ చికిత్స ఎలా పుట్టిందో తెలుసుకోవడం మేలు. ఏ మాటను నమ్మవచ్చో, దేన్ని ప్రశ్నించాలో ఆ చరిత్రే చెబుతుంది.

2. తొలి ప్రయత్నాలు

పంటి వైద్యం చాలా పాతది. నేటి పాకిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో సుమారు 9,000 ఏళ్ళ నాటి సమాధుల్లో చెకుముకి రాతి మొనతో రంధ్రం చేసిన దవడ పళ్ళు లభించాయి. 1931లో హోండురాస్‌లో దొరికిన మాయా నాగరికత నాటి కింది దవడలో, ముందు పళ్ళ స్థానంలో గవ్వపెంకు ముక్కలు అమర్చి ఉన్నాయి. 1970లో తీసిన ఎక్స్-రేల్లో వాటిలో రెండింటి చుట్టూ ఎముక పెరిగిన ఆనవాళ్ళు కనిపించాయి. అంటే ఆ వ్యక్తి బతికి ఉండగానే వాటిని అమర్చారన్నమాట.

18వ శతాబ్దపు లండన్‌లో జాన్ హంటర్ అనే శస్త్రవైద్యుడు ఒకరి పన్ను తీసి మరొకరికి నాటే పద్ధతికి ప్రచారం కల్పించాడు. డబ్బు కోసం పేదలు తమ పళ్ళను అమ్ముకున్నారు, సంపన్నులు వాటిని పెట్టించుకున్నారు. నాటిన పళ్ళు ఎక్కువ కాలం నిలవలేదు. వాటి ద్వారా రోగాలు సంక్రమించాయన్న ఫిర్యాదులూ వచ్చాయి. వైద్యంలో కొత్త పద్ధతి వచ్చినప్పుడు దాని లాభం ఎవరికి, నష్టం ఎవరికి అని అడగడం చరిత్ర విద్యార్థి బాధ్యత.

20వ శతాబ్దం తొలి భాగంలో అమెరికాలో గ్రీన్‌ఫీల్డ్ ఇరిడియం-ప్లాటినం తీగతో అల్లిన బుట్టవంటి ఇంప్లాంట్‌ను, 1930ల చివర స్ట్రాక్ సోదరులు కోబాల్ట్-క్రోమియం మిశ్రలోహపు మరను వాడారు. కొన్ని ఏళ్ళ తరబడి నిలిచాయి, చాలావరకు వదులైపోయాయి. ఎన్ని పెట్టారు, ఎన్ని నిలిచాయి అన్న క్రమబద్ధమైన లెక్క లేకపోవడం ఆ కాలపు పెద్ద లోపం.

3. టైటానియం మలుపు

1952లో స్వీడన్‌కు చెందిన పెర్-ఇంగ్వార్ బ్రానెమార్క్ ఎముకలో రక్తప్రసరణను పరిశీలించేందుకు కుందేలు కాలి ఎముకలో టైటానియం గొట్టాన్ని అమర్చాడు. ప్రయోగం ముగిశాక అది ఊడిరాలేదు. ఎముక లోహాన్ని పట్టేసుకుంది. ఈ కలయికకు తరువాతి కాలంలో ఆసియోఇంటిగ్రేషన్ అనే పేరు వచ్చింది. 1965లో తొలిసారి యోస్టా లార్సన్ అనే రోగి కింది దవడలో ఇంప్లాంట్లు అమర్చారు. నలభై ఏళ్ళ తరువాత కూడా అవి పనిచేశాయి.

వైద్యలోకం ఈ పద్ధతిని వెంటనే అంగీకరించలేదు. 1981లో ఆ బృందం 15 ఏళ్ళ అనుభవాన్ని లెక్కలతో ప్రచురించింది. 5 నుంచి 9 ఏళ్ళు గమనించిన ఇంప్లాంట్లలో కింది దవడలో 91 శాతం, పై దవడలో 81 శాతం నిలిచాయి. 1982 టొరంటో సదస్సు తరువాత ఇది ప్రపంచమంతటా వ్యాపించింది. బ్రానెమార్క్ విజయానికి లోహం ఎంత కారణమో, ఓపికగా ఆగడం, దాచకుండా లెక్కించడం కూడా అంతే కారణం. ఎముక అతుక్కునే వరకు, అంటే కింది దవడకు 3 నెలలు, పై దవడకు 6 నెలలు ఆగి ఆ తరువాతే పన్ను బిగించేవారు.

4. మన ప్రాంతం

భారతదేశంలో తొలి దంత వైద్య కళాశాలను 1920లో కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ స్థాపించారు. 1948 దంతవైద్యుల చట్టం ఈ వృత్తికి రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసింది. హైదరాబాద్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల 1959లో ఏర్పడింది. 1973లో స్థాపించిన మిశ్రధాతు నిగమ్ ఈ నగరంలోనే టైటానియం మిశ్రలోహాలను తయారు చేస్తోంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల ఇసుకలో టైటానియం ముడిఖనిజమైన ఇల్మనైట్ ఉంది.

5. చరిత్ర నుంచి రోగికి పాఠాలు

మొదటిది, ఇంప్లాంట్ అంటే పన్ను కాదు, పన్నుకు వేరు. దవడ ఎముకలో మర, దానిపై అనుసంధాన భాగం, ఆపై తొడుగు పన్ను ఉంటాయి. ధర అడిగేటప్పుడు ఈ మూడూ, స్కానింగ్, అవసరమైతే ఎముక పొడి వేయడం కలిపి ఎంతో రాతపూర్వకంగా తీసుకోవాలి.

రెండవది, అందరికీ ఒకే గడువు ఉండదు. ఎముక గట్టిగా ఉన్న కొందరికి తాత్కాలిక పన్ను వెంటనే పెట్టవచ్చు. అయితే ఎముక అతుక్కోవడానికి నెలలు పట్టడం మారలేదు.

మూడవది, అదుపులో లేని మధుమేహం, పొగతాగడం, చిగుళ్ళ వ్యాధి వైఫల్యాన్ని పెంచుతాయి. ఎముకల గుల్లబారుడుకు మందులు వాడేవారు, రక్తం పలుచబరిచే మాత్రలు వేసుకునేవారు ఆ విషయం దాచకూడదు. సొంతంగా మందులు ఆపకూడదు.

నాల్గవది, నేడు విజయశాతం 90కి పైగా ఉన్నా, నూటికి నూరు కాదు. ఇంప్లాంట్‌కు పుచ్చు రాదు కానీ, చుట్టూ చిగురు వాచి ఎముక కరగవచ్చు. రోజువారీ శుభ్రత, ఏటా తనిఖీ తప్పవు. కంపెనీ పేరు, లాట్ నంబరు ఉన్న కార్డు భద్రపరచుకోండి. పదేళ్ళ తరువాత మరమ్మతు చేసే వైద్యునికి అదే ఆధారం.

ఐదవది, వైద్యుని రిజిస్ట్రేషన్, ఇంప్లాంట్లలో అనుభవం అడగడం అమర్యాద కాదు. బ్రిడ్జి, తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళు కూడా గౌరవప్రదమైన చికిత్సలే. అప్పు చేసి ఇంప్లాంట్ పెట్టించుకోవడం కంటే అవి కొందరికి మేలు. దంత కళాశాలల బోధనాసుపత్రుల్లో ఖర్చు సాధారణంగా తక్కువ.

6. సారాంశం

గవ్వపెంకు నుంచి టైటానియం వరకు సాగిన ఈ చరిత్రలో, ఫలితాలను లెక్కించి బయటపెట్టినప్పుడే రోగికి నిజమైన మేలు జరిగింది. ఎన్నాళ్ళు ఆగాలి, ఎందరికి నిలిచింది, చెడిపోతే బాధ్యత ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబిచ్చే వైద్యుని దగ్గరకు వెళ్ళడం ఉత్తమం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బ్రానెమార్క్ పద్ధతి అంతకు ముందరి ప్రయత్నాలకంటే ఎందులో భిన్నమైనది?
2. హంటర్ కాలపు పంటి మార్పిడిలోని సామాజిక అన్యాయాన్ని వివరించండి.
3. ఇంప్లాంట్ కోరే మధుమేహ రోగికి మీరిచ్చే సలహాలను తెలపండి.