టాస్‌కి ఎవరు వెళ్లారు?



2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టు జరిగిన అయిదు రోజులూ మా రెడ్డిగూడెంలో కుర్రాళ్లు చలిలో తెల్లవారుజామునే లేచి ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. టీ కొట్టు దగ్గర ఒకటే వాదన. రోహిత్ ఓపెనింగ్‌కి వస్తే రాహుల్‌ని మూడుకి ఎందుకు దించాలి? గిల్‌ని ఎందుకు కూర్చోబెట్టాలి? విశాఖ కుర్రాడు నితీశ్ ఎనిమిదో నంబరులో వచ్చి 114 కొట్టాడంటే ఇంకా పైకి పంపాలా వద్దా? ఆ మ్యాచ్ 184 పరుగుల తేడాతో పోయింది. తర్వాత సిడ్నీలో రోహిత్ పక్కకి తప్పుకున్నాడు, టాస్‌కి బుమ్రా వెళ్లాడు. అప్పుడు ఒక పెద్దాయన అన్న మాట నాకు పట్టుకుంది: "బౌలర్‌కి కెప్టెన్సీ ఏంట్రా, వాడు బంతులేసుకుంటాడా, మనుషుల్ని నిలబెట్టుకుంటాడా?"

ఆయన తప్పుగా ఏమీ అనలేదు, అందరూ అనేదే అన్నాడు. కాకపోతే ఆ మాటకి నూట పాతికేళ్ల పైబడిన చరిత్ర ఉంది. ఈ భాగం దాని గురించే.

ఇంగ్లండ్‌లో క్రికెటర్లు రెండు రకాలు. డబ్బు తీసుకోకుండా ఆడే దొరలు 'జెంటిల్మెన్'. కూలికి ఆడేవాళ్లు 'ప్లేయర్స్'. దొరలకి బ్యాటింగ్ మీద మోజు, బంతి వేసి చెమటోడ్చే పని ఎక్కువగా కూలివాళ్లది. కెప్టెన్ ఎప్పుడూ దొరే. 20వ శతాబ్దంలో ఇంగ్లండ్ టెస్టు జట్టుకి ఒక ప్రొఫెషనల్ కెప్టెన్ కావడానికి 1952 దాకా, లెన్ హటన్ దాకా ఆగాల్సి వచ్చింది. ఆ దొర-కూలి విభజనని 1962లో గానీ ఎత్తెయ్యలేదు. వెస్టిండీస్‌లో పూర్తి సిరీస్‌కి నల్లజాతి కెప్టెన్‌గా ఫ్రాంక్ వొరెల్ వచ్చింది 1960లో, అదీ సి.ఎల్.ఆర్. జేమ్స్ పత్రికలో పోరాటమే నడిపాక.

మా ఊళ్లో దొరల క్లబ్బులు లేవు. మామిడి తోటల పక్క బీడులో ఆట. బ్యాట్ ఎవడిదో ముందు బ్యాటింగ్ వాడిది, ఎంట్రీ ఫీజు ఎవడు కడితే వాడు కెప్టెన్. మా పల్లె నుంచి ఊరి టీముకి నలుగురం వెళ్లేవాళ్లం, నలుగురమూ బౌలర్లమే. మాకు బ్యాటింగ్ రాదని చెప్పేవాళ్లు. వస్తుందో రాదో తెలియాలంటే ముందు బ్యాట్ చేతికివ్వాలి కదా!

ఇప్పుడు పూనా వెళ్దాం. పల్వంకర్ బాలూ చమార్ కులంలో పుట్టినవాడు. మొదట పార్సీల క్రికెట్ క్లబ్బులో పిచ్ ఊడ్చి, రోలర్ లాగే పని, నెలకి 3 రూపాయలు. తర్వాత ఇంగ్లీషువాళ్ల పూనా క్లబ్బులో 4 రూపాయలు. అక్కడ నెట్స్‌లో దొరలకి బంతులేయడం మొదలుపెట్టాడు. జె.జి. గ్రెగ్ అనే పేరున్న బ్యాట్స్‌మన్‌కి గంటలకొద్దీ వేశాడు. తనని అవుట్ చేసిన ప్రతిసారీ గ్రెగ్ ఎనిమిది అణాలు ఇచ్చేవాడని చెప్పుకుంటారు. ఎడమచేతి స్పిన్ అలా పదునెక్కింది. ఆ నెట్స్‌లో బాలూకి బ్యాట్ మాత్రం ఇవ్వలేదు.

పూనా హిందువుల జట్టుకి దొరల మీద గెలవాలని ఉంది, బాలూ కావాలి. కానీ అంటరానివాడు. రామచంద్ర గుహ 2002లో వచ్చిన 'ఎ కార్నర్ ఆఫ్ ఎ ఫారిన్ ఫీల్డ్'లో ఈ కథంతా రాశాడు. బాలూని తీసుకుందామన్నవాళ్లలో పూనాలోని తెలుగు ఆటగాళ్లు ఉన్నారనీ, వద్దన్నది స్థానిక మరాఠీ బ్రాహ్మణులనీ అందులో ఉంది. మన తెలుగువాళ్లు మంచివాళ్లని మురిసిపోకండి, మన కథ కింద వస్తుంది. చివరికి తీసుకున్నారు. మైదానంలో బాలూ ముట్టిన బంతిని అందరూ ముట్టారు. విరామంలో మాత్రం మిగతావాళ్లకి లోపల పింగాణీ కప్పులు, బాలూకి బయట మట్టి ముంత. భోజనానికి వేరే బల్ల. మన హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

1906లో బొంబాయిలో హిందువుల జట్టు యూరోపియన్లని 109 పరుగుల తేడాతో ఓడించింది. ఆ జట్టులో బాలూ, అతని తమ్ముడు శివరామ్ ఉన్నారు. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకి కెప్టెన్ పందొమ్మిదేళ్ల పటియాలా మహారాజు. ఆయన విందుల్లో ఉన్నంత సేపు మైదానంలో లేడు. జట్టు ఎక్కువ మ్యాచ్‌లు ఓడింది. బాలూ 114 వికెట్లు తీశాడు.

మరి కెప్టెన్సీ? హిందూ జట్టు కెప్టెన్ ఎం.డి. పాయ్, ఆయనా బ్రాహ్మడే, ఈ గౌరవం నాకంటే సీనియర్ బాలూకి దక్కాల్సిందని బహిరంగంగానే అన్నాడు. అయినా ఇవ్వలేదు. 1920 క్వాడ్రాంగ్యులర్‌లో పాయ్‌కి ఒంట్లో బాగోలేకపోతే తొలి మ్యాచ్‌కి పూనా బ్రాహ్మణుడు డి.బి. దేవధర్‌ని కెప్టెన్ చేశారు. బాలూని జట్టులోంచే తీసేశారు. అప్పుడు తమ్ముళ్లు విఠల్, శివరామ్ ఆడం పొమ్మని బయటికొచ్చి, ఎందుకు ఆడటం లేదో పత్రికాముఖంగా చెప్పారు. కులం వల్లే తమ ఇంటికి కెప్టెన్సీ రావడం లేదని దేశం ముందు పెట్టారు. మన చరిత్రలో సమ్మెలు చెప్పుకునేటప్పుడు దీన్ని కూడా లెక్కేయాలని నా అభిప్రాయం. ఇద్దరు ఆటగాళ్లు చేసిన సమ్మె.

అది పనిచేసింది. ఫైనల్‌కి ముగ్గురినీ వెనక్కి పిలిచారు. పాయ్ కెప్టెన్, బాలూ వైస్ కెప్టెన్. పాయ్ మైదానం వదిలి బయటికెళ్లిన కాసేపు బాలూ జట్టుని నడిపాడు. అంత గొప్ప బౌలర్‌కి హిందూ జట్టు ఇచ్చిన నాయకత్వం ఆ కాసేపే. 1923లో విఠల్ పూర్తి కెప్టెన్ అయ్యాడు, ఆ ఏడు ఫైనల్లో యూరోపియన్ల మీద గెలిచాడు. విఠల్ బ్యాట్స్‌మన్ అన్నది గమనించండి. ఆ ఇంటికి కెప్టెన్సీ రావడానికి కులం గోడ ఒకటి కూలాలి, రెండోది బ్యాట్ చేతిలో ఉండాలి. విఠల్ తన కథని 1948లో మరాఠీలో తనే రాసుకున్నాడు.

బాలూ పేరెత్తగానే మనలో కొందరు మొహం తిప్పుకుంటారు, కారణముంది. పూనా ఒప్పందం మీద సంతకం చేసినవాళ్లలో ఆయన ఒకడు. 1937లో కాంగ్రెస్ ఆయన్ని బాబాసాహెబ్ మీదే పోటీకి నిలబెట్టింది. బాబాసాహెబ్‌కి 13,245 ఓట్లు, బాలూకి 11,225. కుర్రతనంలో బాలూని చూసి గర్వపడిన అంబేడ్కర్‌కి అది చేదు పోటీ. మైదానంలో బాలూని కెప్టెన్ చేయనివాళ్లకి ఎన్నికల మైదానంలో ఆయన చేత బంతులేయించుకోవడానికి అభ్యంతరం రాలేదు. రాజకీయాల్లో ఆయన నిలబడిన చోటు తప్పు. దానివల్ల 1920 చిన్నదైపోదు.

ఇక మన కథ. 1932 జూన్ 25న లార్డ్స్‌లో భారత్ తొలి టెస్టు ఆడింది. కెప్టెన్ సి.కె. నాయుడు, నాగపూర్‌లో స్థిరపడ్డ తెలుగు ఇంటి మనిషి. 'నాయుడు' అంటేనే నాయకుడు. అయినా ఆ పర్యటనకి ఆయన్ని కెప్టెన్‌గా పంపలేదు, పోర్‌బందర్ మహారాజుని పంపారు. మహారాజు తన ఆట తనకి తెలిసి తప్పుకున్నాడు, వైస్ కెప్టెన్ లింబ్డీకి గాయమైంది, అప్పుడు నాయుడు. 1936లో మళ్లీ రాజే. ఈసారి మన విజయనగరం పూసపాటి వారి అబ్బాయి విజ్జీ. మూడు టెస్టుల్లో 33 పరుగులు చేశాడు.

బ్యాటింగ్ ఆర్డరు మీద మనం టీ తాగుతూ వాదించుకుంటాం. 1936లో అదే ఆర్డరు ఒక మనిషిని ఓడెక్కించింది. మైనర్ కౌంటీస్‌తో మ్యాచ్‌లో లాలా అమర్‌నాథ్ ప్యాడ్లు కట్టుకుని కూర్చుంటే విజ్జీ ఇంకొకళ్లని, మరొకళ్లని ముందు పంపాడు. అమర్‌నాథ్‌కి కోపమొచ్చి ప్యాడ్లు విసిరేసి పంజాబీలో ఏదో అన్నాడు. తొలి టెస్టుకి ముందే ఇంటికి పంపేశారు. మూడేళ్ల కిందట తొలి టెస్టులోనే సెంచరీ చేసిన మనిషిని! తర్వాత బ్యూమాంట్ కమిటీ విచారించి తప్పు విజ్జీ వైపే ఎక్కువని తేల్చింది. సిరీస్ 2-0తో పోయింది. ఆ ఏడే విజ్జీకి సర్ బిరుదు వచ్చింది. జమీందారు చేతిలో బ్యాటింగ్ ఆర్డరు వ్యూహం కాదు, ఎవరు ఎంతసేపు వాకిట్లో నిలబడాలో చెప్పే అధికారం.

2018లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ఒక వ్యాసం వచ్చింది. అప్పటిదాకా భారత్‌కి టెస్టులాడిన 289 మంది పురుషుల్లో దళితులుగా తెలిసినవాళ్లు నలుగురేనని లెక్క చెప్పింది. కోటా అడిగితే "ఆటలో ప్రతిభే" అంటారు. రోలర్ లాగినవాడికి 114 వికెట్ల ప్రతిభ ఉంటే మట్టి ముంత ఇచ్చిన ఆట ఇది.

ట్రోఫీల పేర్లు చూడండి. దేవధర్ పేరున 1973-74లో ట్రోఫీ పెట్టారు. నాయుడు పేరున ఉంది, విశ్వవిద్యాలయాల క్రికెట్‌లో విజ్జీ పేరున కూడా ఉంది, మన విద్యార్థులు దానికి ఆడుతుంటారు. రంజీ, దులీప్, ఇరానీ, హజారే, ముస్తాక్ అలీ, మర్చంట్, మన్కడ్, కూచ్ బెహార్. పల్వంకర్ వారి పేరు ఇందులో లేదు.

వచ్చే భాగం శివరామ్ గురించి.