పదివేల మైళ్ళ కేకు

పెళ్ళి దగ్గర పడ్డాక ఇంట్లో పంచదార చాలదని తెలిస్తే ఇల్లాలి అవస్థ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? రేషన్ కార్డు పట్టుకుని క్యూలో నిలబడి, చాలకపోతే పక్కింటివాళ్ళ కోటా కూడా అడిగి తెచ్చి లడ్డూలు చుట్టించిన రోజులు మన అమ్మలకి బాగా గుర్తే. అలాంటి కరువు ఇంగ్లండు రాజుగారింటి పెళ్ళికే వచ్చిందంటే నమ్ముతారా?

మనకి తలంబ్రాలెంతో వాళ్ళకి పెళ్ళి కేకు అంత. ఎండుద్రాక్ష, బ్రాందీ దట్టించిన ఆ కేకు నెలల తరబడి పాడవదు. కోడిగుడ్డు తెల్లసొనలో పంచదార పొడి వేసి గిలక్కొట్టి పైన పూస్తారు. అదే రాయల్ ఐసింగ్. ఆరిందంటే రాయే! పూర్వం తెల్లని పంచదార ఖరీదైన సరుకు. అందుకని పూత ఎంత తెల్లగా ఉంటే ఇంటి దర్జా అంత. 1840లో విక్టోరియా రాణి పెళ్ళికేకు సుమారు 300 పౌన్లు తూగింది. చుట్టుకొలత మూడు గజాలు! పైన వధూవరులని దీవిస్తున్న బ్రిటానియా బొమ్మ, పెళ్ళికొడుకు పాదాల దగ్గర విశ్వాసానికి గుర్తుగా ఓ కుక్క.

ఇంత వైభవమూ రెండో ప్రపంచయుద్ధంతో మూలపడింది. 1940లో పంచదారకి రేషన్ పెట్టారు. ఆ ఏడే కేకుల పైన పంచదార పూయకూడదని చట్టమూ చేశారు. మరి పెళ్ళిళ్ళు ఆగుతాయా? అట్టతో అంతస్తుల కేకు ఆకారం చేసి, తెల్లగా అలంకరించి అద్దెకిచ్చేవారు. ఫొటో తీయించుకున్నాక ఆ అట్టడొప్ప పైకెత్తితే లోపల చిన్న కేకు ముక్క! పాపం, ఆ పెళ్ళికూతుళ్ళు నవ్వుకున్నారో, కళ్ళు తుడుచుకున్నారో!

యుద్ధం ముగిసి రెండేళ్ళయినా రేషన్ పోలేదు. 1947 నవంబరు 20న యువరాణి ఎలిజబెత్ పెళ్ళి. కేకుకి సరుకులేవీ? ఎక్కడో ఉన్న ఆస్ట్రేలియా నుంచి గర్ల్ గైడ్స్ ఆడపిల్లలు పంపించారు! లండన్‌లో మెక్‌విటీ అండ్ ప్రైస్ వారు వాటితో తొమ్మిదడుగుల ఎత్తున, 500 పౌన్ల బరువుతో నాలుగంతస్తుల కేకు తయారుచేశారు. చుట్టూ ఇరువంశాల రాజచిహ్నాలు పంచదారతోనే దిద్దారు. దాన్ని కోసింది చాకుతో కాదండోయ్, పెళ్ళికొడుకు కత్తితో! ఒక అంతస్తు మాత్రం దాచి, మరుసటేడు పుట్టిన పిల్లవాడు చార్లెస్ నామకరణానికి వాడారు.

ఆ పెళ్ళికి మన హైదరాబాదు నిజాం నవాబుగారు వజ్రాల హారం, కిరీటం బహూకరించారు. గాంధీగారు తాను వడికిన నూలుతో అల్లించిన గుడ్డ పంపారు. కిరీటాన్ని తరవాత విప్పేశారు. హారం మిగిలింది. కేకు ఏనాడో అరిగిపోయింది. అయినా ‘పదివేల మైళ్ళ కేకు’ అన్న పేరు మాత్రం నిలిచిపోయింది. తొమ్మిదడుగుల ఎత్తుకి రాలేదు ఆ పేరు, ముక్కూమొహమూ తెలియని ఆడపిల్లలు పంపిన సరుకులు సముద్రాలు దాటి వచ్చిన దూరానికి వచ్చింది.

అవసరానికి గ్లాసుడు పంచదార ఇచ్చిన పక్కింటి పిన్నిగారిని మనం మాత్రం మరిచిపోయామా?