పేరు తెలియని ఫంక్షన్‌ను వెతకడం

నిఘంటువులో పదం తెలిస్తేనే అర్థం దొరుకుతుంది. ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థి చిక్కు కూడా ఇదే: చేయవలసిన పని తెలుసు, ఫంక్షన్ పేరు తెలియదు. ఐబీఎం శాస్త్రజ్ఞుడు హాన్స్ పీటర్ లూన్ 1958లో, శీర్షికలోని ప్రతి ముఖ్యపదాన్నీ అక్షరక్రమంలో చూపే సూచికను ప్రదర్శించారు. 1979 నాటి యూనిక్స్ ఏడవ కూర్పు మాన్యువల్‌లోనూ అటువంటిదే ఉంది. అయితే అది ఒక్కో అంశానికి ఇచ్చిన ఒక వరుస వివరణకే పరిమితం.

2008లో గేయార్గ్ బ్రాండల్ విడుదల చేసిన స్ఫింక్స్, పైథాన్ పత్రాల పాఠమంతటినీ ముందే చదివి, ఏ పదం ఏ పుటలో ఉందో ఒక ఫైలులో రాసిపెడుతుంది. సార్టింగ్, సార్టెడ్ రెండూ సార్ట్ అనే మూలం కిందికే చేరతాయి. వెతుకులాట పాఠకుని బ్రౌజర్‌లోనే సాగుతుంది. ఇంటర్నెట్ సరిగా లేని కళాశాల ప్రయోగశాలకు ఇది చిన్న మేలు కాదు. అయితే ఇంగ్లీషు ప్రత్యయాలను తొలగించే ఆ నియమాలు ‘పుస్తకాలలో’ నుంచి ‘పుస్తకం’ను రాబట్టలేవు.