అత్తయ్య ట్రాము మళ్లీ కదిలింది

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఉన్న ఇంటికి రిపేర్లు చేయించి చూడు అని కూడా అనాల్సింది. పోయిన వానాకాలం మా ప్రజ్ఞాపూర్ ఇంట్లో స్లాబు కురిసింది. మేస్త్రీ వచ్చాడు, సామాను అంతా వసారాలోకి చేరింది. అందులో మా అబ్బాయి చేసిన బొమ్మ ట్రాము కూడా ఉంది. తిరిగి సర్దేటప్పుడు చూస్తే అడుగు చెక్క ఉబ్బిపోయి, పట్టాలు తుప్పు పట్టి ఉన్నాయి.

"పోనీలే, బొమ్మే కదా" అన్నాను. అత్తయ్య మాట్లాడలేదు. ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

ఆ బొమ్మకు మూలం ఆవిడే. అత్తయ్య పుట్టింది మద్రాసు జార్జిటౌన్‌లో. చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని ట్రాము ఎక్కిన పిల్ల. 2023 అక్టోబరులో సిద్దిపేట నుంచి సికింద్రాబాదుకు రైలు మొదలయ్యాక గజ్వేల్ స్టేషన్‌కి తీసుకెళ్లి చూపించాం. 151 కిలోమీటర్ల మనోహరాబాద్–కొత్తపల్లి లైనుకు 2016 ఆగస్టులో మన పక్కనే, కోమటిబండలో శంకుస్థాపన జరిగింది. ఊరికి రైలొచ్చిందని మేం మురిసిపోతుంటే, ఆవిడ మాత్రం "మా ట్రాముకు గంట ఉండేది" అంది. ఆ మాట మీదే మనవడు బొమ్మ మొదలుపెట్టాడు.

మన హైదరాబాదుకు ట్రాము రాలేదు. 1932లో నిజాం రైల్వేవాళ్లు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. మద్రాసులో మాత్రం 1895లోనే కరెంటు ట్రాము నడిచింది, దేశంలో అదే మొదటిది. మొదట్లో కరెంటు తీగను రోడ్డు కింద కాలువలో పెట్టారు. వానలకు కాలువలోకి నీళ్లు చేరి ఇబ్బంది అవడంతో, తీగను పైకి ఎక్కించారు. ట్రాము నెత్తిన ఒక పొడవాటి కర్ర, దాని కొసన చిన్న చక్రం. అది తీగను తాకుతూ పోతుంది. దాన్నే ట్రాలీ అంటారు. కరెంటు తీగలోంచి దిగి, మోటారు తిప్పి, పట్టాల గుండా వెనక్కి పోతుంది. అమెరికాలోని రిచ్‌మండ్‌లో 1888లో ఫ్రాంక్ స్ప్రేగ్ ఈ పద్ధతిని పెద్ద ఎత్తున నడిపి చూపించాక ఊరూరా పాకింది.

మా అబ్బాయి మొదటిసారి కట్టిన దాంట్లో కరెంటు కింద పట్టాల్లోనే ఉండేది. పైన తీగ అలంకారానికి కట్టిన దారం. అత్తయ్య అప్పుడే అంది, "తీగ మీదకెల్లి నడవాల్రా" అని. ఎవరం పట్టించుకోలేదు. ఇప్పుడు చెక్క మార్చాల్సొచ్చింది కాబట్టి వాడు అసలు పద్ధతే పట్టుకున్నాడు. కొత్త ప్లైవుడ్, దానికి రెండు చేతుల వార్నిషు, 16.5 మిల్లీమీటర్ల వెడల్పు పట్టాలు, పైన సన్నని రాగి తీగ. మోటారు కొస ఒకటి నెత్తి మీది కర్రకు, రెండోది చక్రాలకు. మద్రాసు కంపెనీకి వాన నేర్పిన పాఠమే మాకూ నేర్పింది.

మలుపు దగ్గర కర్ర తీగ నుంచి జారి పడిపోతూనే ఉంది. మూడు రాత్రులు వాడు తల పట్టుకున్నాడు. అత్తయ్య వచ్చి, "కండక్టరు దిగి, తాడు పట్టి లాగి మళ్ల పెడుతుండె" అంది. ఈ మధ్య ఆవిడకు పొద్దున మందేసుకున్నారో లేదో గుర్తుండటం లేదు. నా పేరు కూడా ఒక్కోసారి తడుముకుంటుంది. డెబ్భై ఏళ్ల కిందటి తాడు మాత్రం గుర్తుంది. వాడు కర్రకు దారం కట్టి ఆవిడ చేతికిచ్చాడు.

మద్రాసు ట్రాములు 1953 ఏప్రిల్‌లో ఆగిపోయాయి, కంపెనీ నష్టాల్లో మూతపడింది. అప్పుడు అత్తయ్యకు తొమ్మిదేళ్లు. ఆ తర్వాత పెళ్లయి ఈ ఊరొచ్చింది. పుట్టిల్లు గురించి ఆవిడ ఎక్కువ మాట్లాడగా నేను వినలేదు. నేనూ అడగలేదు. ఇరవై ఏళ్లుగా పక్కపక్కనే వంట చేసుకున్నా అడగలేదు.

ఇప్పుడు సాయంత్రం దీపం పెట్టాక పది నిమిషాలు ట్రాము నడుస్తుంది. కర్ర జారితే ఆవిడే దారం లాగి సరిచేస్తుంది. నేను పక్కన కూర్చుని ఒక్కో స్టాపు పేరు అడుగుతాను. చెప్పినవి పాలలెక్క పుస్తకం వెనక పేజీల్లో రాసుకుంటున్నాను. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లుంటే, ఇల్లు సర్దేటప్పుడు దొరికిన పాత వస్తువు ఒకటి వాళ్ల ఒడిలో పెట్టి చూడండి.