జనగణనలో వికలాంగులు

భారతదేశంలో వికలాంగుల సంఖ్యను జనగణన ద్వారా తెలుసుకునే ప్రయత్నం 1872లో మొదలైంది. 1941 నుంచి 1971 వరకు ఆ ప్రశ్న అడగలేదు. 1981లో అడిగి, 1991లో మళ్లీ వదిలేశారు. 2001, 2011 జనగణనల్లో అడిగారు. 2011 లెక్క ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, అంటే జనాభాలో 2.21 శాతం. అడిగిన ప్రతిసారీ అంకె మారిపోయింది. జనం ఆరోగ్యంలో వచ్చిన మార్పు కన్నా, ప్రశ్న ఎలా అడిగారు, ఎవరు అడిగారు, ఉన్నదున్నట్టు చెబితే ఇంటికి మేలా కీడా అన్నవే ఆ అంకెలను ఎక్కువగా నిర్ణయించాయి.

బ్రిటిష్ కాలం

1881 నుంచి 1931 వరకు నాలుగు రకాలవారినే రాసుకున్నారు: మతిస్థిమితం లేనివారు, పుట్టుకతో వినికిడీ మాటా లేనివారు, రెండు కళ్లూ కనిపించనివారు, కుష్ఠురోగులు. ఒక కన్ను మాత్రమే పోయినవారిని రాయవద్దని, పుట్టిన తర్వాత వినికిడి కోల్పోయినవారిని రాయవద్దని, బొల్లిని కుష్ఠుగా రాయవద్దని గణకులకు ఆదేశాలు ఉండేవి. ఈ లెక్క వెనక సాయం చేయాలన్న ఆలోచన కన్నా దూరంగా ఉంచాలన్న ఆలోచనే బలంగా ఉండేది. 1858లో మానసిక రోగుల ఆశ్రమాలకు, 1898లో కుష్ఠురోగులకు వేర్వేరు చట్టాలు వచ్చాయి. అడుక్కుని బతికే కుష్ఠురోగులను పట్టుకుని ఆశ్రమాల్లో నిర్బంధించే అధికారం రెండో చట్టం ఇచ్చింది. అది 2016 దాకా రద్దు కాలేదు. అలాంటప్పుడు ఏ ఇంటివారైనా ఉన్నదున్నట్టు ఎందుకు చెబుతారు? ఆడవాళ్ల జబ్బును ఇంటివారు దాస్తున్నారని, మాట రాని పసిపిల్లల సంగతి రేపోమాపో మాట వస్తుందన్న ఆశతో తల్లిదండ్రులు చెప్పడం లేదని జనగణన నివేదికలే ఒప్పుకున్నాయి.

కాళ్లూ చేతులూ పనిచేయనివారికి ఆ పట్టికలో చోటే లేదు. దీని ఫలితం తెలుగునేల మీదే కనిపిస్తుంది. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను మొదటిసారి శాస్త్రీయంగా వర్ణించిన 1937 నాటి వైద్య నివేదిక ఆ జిల్లా గురించినదే. బావినీళ్లలోని ఫ్లోరైడు వల్ల వెన్ను బిగుసుకుపోయి, నడుము వంగిపోయి, మోకాళ్లు ముడుచుకుపోయినవారు అంతకుముందూ అక్కడ ఉన్నారు. 1931లో గణకుడు వారి గడప తొక్కి పేరు, కులం, వృత్తి రాసుకుని వెళ్లాడు. వారి నడుము సంగతి రాయడానికి కాగితంలో గడి లేదు.

1941లో యుద్ధం వల్ల జనగణన పనిని బాగా కుదించారు. వైకల్యం ప్రశ్న అప్పుడే పోయింది. స్వతంత్రం వచ్చాక జరిగిన మొదటి మూడు జనగణనలూ దాని జోలికి పోలేదు.

పదిరెట్ల తేడా

1981ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించింది. ఆ సందర్భంగా ప్రశ్న తిరిగి వచ్చింది, కానీ ఇళ్ల జాబితా రాసే దశలోనే. పూర్తిగా చూపు లేనివారు, పూర్తిగా మాట లేనివారు, పూర్తిగా అవిటివారు ఎందరున్నారని అడిగారు. దేశం మొత్తం మీద 11 లక్షల పైచిలుకు తేలారు. అదే ఏడాది జాతీయ నమూనా సర్వే సంస్థ ఎంపిక చేసిన ఇళ్లలో విడిగా విచారిస్తే సుమారు 1.2 కోట్ల మంది ఉంటారని అంచనా తేలింది. వినికిడి సమస్య జనగణనలో లేకపోవడం ఒక కారణమైతే, ‘పూర్తిగా’ అన్న షరతు అంతకన్నా పెద్ద కారణం. పోలియోతో ఒక కాలు సన్నబడి, చేత్తో మోకాలు అదిమిపట్టి నడిచే మనిషి ఆ షరతు ముందు వికలాంగుడు కాడు. ఇంత తేడా కళ్లముందు ఉండగా ప్రశ్నను సరిదిద్దాల్సింది పోయి, 1991లో తీసేయడం సమర్థించుకోలేని నిర్ణయం.

1995లో వికలాంగుల చట్టం వచ్చింది. ఏడు రకాల వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఎందరికోసమో తెలియకుండా ఈ చట్టాన్ని ఎలా అమలు చేస్తారని హక్కుల సంఘాలు నిలదీశాయి. చక్రాల కుర్చీలోనే జీవితమంతా ఉద్యమించిన జావేద్ అబిది (1965–2018) ఈ పోరాటానికి ముందు నిలిచారు. వారి ఒత్తిడితోనే 2001 జనగణనలో ఇది 15వ ప్రశ్నగా చేరింది. 2.19 కోట్ల మంది లెక్కకు వచ్చారు.

2011లో ప్రశ్న 9వ స్థానానికి వచ్చింది, రకాలు ఎనిమిదయ్యాయి. అంకెలను పక్కపక్కన పెడితే విచిత్రంగా ఉంటుంది. చూపు లోపం ఉన్నవారు 1.06 కోట్ల నుంచి 50 లక్షలకు తగ్గారు. వినికిడి లోపం ఉన్నవారు 12.6 లక్షల నుంచి 50 లక్షలు దాటారు. పదేళ్లలో అంతమందికి చూపు రాలేదు, అంతమందికి చెవుడూ రాలేదు. ఒక కన్ను పోయినవారిని 2001లో లెక్కించి, 2011లో వదిలేశారు. వినికిడి యంత్రం పెట్టుకుంటే వినగలిగేవారిని 2001లో వదిలేసి, 2011లో లెక్కించారు. ఒంటికన్ను మనిషి లెక్కలోకి వస్తాడా రాడా అన్నది వందేళ్లు దాటినా తేలలేదన్నమాట.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో 13.65 లక్షలున్న సంఖ్య 2011కి 22.66 లక్షలైంది. జనాభాలో వాటాగా చూస్తే జాతీయ సగటు కన్నా ఇది ఎక్కువ. ఇక్కడ పింఛను ప్రభావాన్ని తోసిపుచ్చలేం. అప్పటికే రాష్ట్రంలో సదరం శిబిరాలు మొదలయ్యాయి. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు పరీక్షించి, వైకల్యం ఎంత శాతమో తేల్చి కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. 40 శాతం వస్తే సర్టిఫికెట్, దాంతో పింఛను. ముప్పై తొమ్మిది వచ్చినవారు మళ్లీ తేదీ కోసం తిరుగుతారు. 2007లో మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో ఏర్పడిన వికలాంగుల హక్కుల పోరాట సమితి పింఛను పెంపును ప్రధాన డిమాండుగా ఊరూరా తీసుకెళ్లింది. ఇంట్లో మూల కూర్చోబెట్టిన మనిషిని శిబిరానికి ఆటోలో తీసుకురావడానికి కుటుంబాలు ముందుకొచ్చాయంటే అందులో ఈ ఉద్యమానికి వాటా ఉంది. వీరిని ‘పింఛను కోసం వచ్చినవారు’ అని తేలికచేసి మాట్లాడటం అన్యాయం. చెప్పినందుకు శిక్ష ఉన్న కాలంలో దాచినవారే, సాయం దొరికే కాలంలో చెప్పారు.

ప్రస్తుత స్థితి

2011లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ జనాభాలో సుమారు 15 శాతం మందికి ఏదో ఒక వైకల్యం ఉందని అంచనా వేసింది. మన 2.21 శాతం దాని దరిదాపుల్లో లేదు. ‘ఇంట్లో వికలాంగులున్నారా’ అని అడగడానికీ, ‘కళ్లజోడు పెట్టుకున్నా చూడటం కష్టమా, మెట్లెక్కడం కష్టమా’ అని అడగడానికీ చాలా తేడా ఉంది. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని వాషింగ్టన్ గ్రూపు రూపొందించిన ఆరు ప్రశ్నలు రెండో రకానివి. కష్టం ఏమీ లేదు, కొంత ఉంది, చాలా ఉంది, అసలు చేయలేను అని జవాబులు నాలుగు మెట్లుగా ఉంటాయి. పెళ్లి కావాల్సిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో మొదటి ప్రశ్నకు ‘లేరు’ అనే జవాబే వస్తుంది. రెండోదానికి తల్లి కాస్త ఆలోచించి చెబుతుంది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలను 21కి పెంచింది. ఆటిజం, తలసీమియా, సికిల్ సెల్ జబ్బు, పార్కిన్సన్స్, యాసిడ్ దాడి బాధితులు అందులో చేరారు. 2011 జనగణనలో ‘ఇతరములు’ అన్న గడిలో పడిపోయినవారు 49 లక్షలు. ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరి వైకల్యమేమిటో దేశానికి తెలియదు. ఈలోగా ఆరో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వైకల్యం ప్రశ్నను తొలగించడం సంఘాల్లో తీవ్ర అసంతృప్తి రేపింది. 2021లో జరగాల్సిన జనగణన వాయిదాపడి, 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా నిర్ణయమైంది. చట్టంలోని 21 రకాలూ పట్టికలో ఉండాలని, గణకులకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని సంఘాలు కోరుతున్నాయి.

ఈసారి కుటుంబాలు తమ వివరాలను ఆన్‌లైన్‌లో స్వయంగా నమోదు చేసుకోవచ్చు. ఇంతకాలం ఇంటిపెద్ద చెప్పిందే జవాబు. ఆ ఆన్‌లైన్ ఫారం, తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అందేలా, బధిరులకు సంజ్ఞాభాషలో వివరణ ఉండేలా తయారైతే, తన గురించి అడిగిన ప్రశ్నకు వికలాంగుడే జవాబు రాసుకోగలుగుతాడు.